హిమాయత్‌సాగర్ ఇసుకలో రెండు సైకిళ్లు, ఒక సంతకం

మా మనవరాలు నళిని రాజస్థాన్ ఎడారిలో సైకిలు తొక్కుతానంది. ఈ ప్రయాణానికి మొదలు అదే. వాళ్ల కాలేజీ నుంచి పన్నెండుమంది అమ్మాయిలు క్రిస్మస్ సెలవుల్లో జోధ్‌పూర్ నుంచి జైసల్మేరు దాకా సైకిళ్ల మీద వెళ్తున్నారు. ఎంపికైనవాళ్ల జాబితాలో దాని పేరుంది. తండ్రి సంతకం లేని ఫారం మాత్రం మా ఇంట్లో రేడియో మీద పది రోజులుగా పడి ఉంది. తండ్రంటే మా అబ్బాయి ప్రసాదు, కంచన్‌బాగ్‌లో లోహాల కర్మాగారంలో ఇంజనీరు. ఏ లోహం ఎంత బరువుకు వంగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తననెంత బతిమాలితే వంగుతాడో మాత్రం ఎవరికీ చెప్పడు.

ఫారం సోమవారం ఇచ్చెయ్యాలి. వారం ముందు భోజనాల దగ్గర తీర్పు చెప్పాడు. "వచ్చే ఆదివారం ఒక్కరోజు ఇసుకలో తొక్కి చూపించు. పొద్దున వెళ్లి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి రావాలి. మధ్యలో బస్సు గానీ లారీ గానీ ఎక్కావో, ఫారం చింపేస్తాను."

"ఎక్కానో లేదో చూసేదెవరు?" అంది నళిని.

"మీ నాయనమ్మ. ఆవిడ అబద్ధం చెప్పదు. చెప్పినా దొరికిపోతుంది."

ముప్పై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పి, పరీక్ష హాళ్లలో కాపలా కాసి రిటైరయ్యాను. యాభై ఏడేళ్ల వయసులో ఇన్విజిలేషన్ డ్యూటీ సైకిలు మీద పడుతుందని అనుకోలేదు. అయితే సైకిలు నాకు కొత్త కాదు. బందరు నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో నేర్చుకుని, గౌలిపుర నుంచి బడికి ఇరవై ఏళ్లు తొక్కాను. మా గల్లీలో గేదెలు మనుషులకు దారివ్వవు, నా గంటకు ఇస్తాయి.

ముందు సైకిళ్ల సంగతి చెప్పాలి, మీలో ఎవరైనా ఇలాంటి దారికి వెళ్లేటట్టయితే పనికొస్తుంది. నాది ఇరవై ఆరు అంగుళాల చక్రాల లేడీస్ సైకిలు, టైర్లు సన్నవి. నళినికి ప్రసాదు చదువుకునే రోజుల్లో తొక్కిన ఇరవై ఎనిమిది అంగుళాలది మెట్ల కింద నుంచి బయటికి తీశాం. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే ఎనభై ఎనిమిది అంగుళాలు, నాది తిరిగితే ఎనభై ఒకటిన్నర చిల్లర. కాబట్టి అది నాలుగు తొక్కులు తొక్కితే నేను నాలుగూ పైన కాస్త తొక్కాలి. ఈ లెక్క కాగితం మీద వేసి నళినికి చూపించాను. షాలిబండలో రిపేరు చేసే ఖాజా మియాకీ చూపించాను. ఆయన వెనక పద్దెనిమిది పళ్ల ఫ్రీవీల్ తీసి ఇరవై పళ్లది వేశాడు, ఇసుకలో తొక్కు తేలిగ్గా ఉంటుందని. మడ్‌గార్డులు, చైను కవరు విప్పేశాడు. అన్నీ కలిపి పద్దెనిమిది రూపాయలు తీసుకున్నాడు. "రేగిస్తాన్ జాతే? ఊంట్ కిరాయికి తీస్కోండి అమ్మా. పంచర్ గాదు," అని ఎడారికి ఒంటె మేలన్న సలహా మాత్రం ఉచితంగా ఇచ్చాడు.

అసలు విద్య మా పాల యాదగిరి దగ్గర ఉంది. అతని సైకిలుకు అటొకటి ఇటొకటి పాల క్యాన్లు వేలాడుతుంటాయి. టైర్లు అరటి బోదెల్లా ఉంటాయి. ఆ యేడు వానలు ఎగ్గొట్టి హిమాయత్‌సాగర్‌లోకి వచ్చే వాగు ఎండిపోయింది. వాగు అవతల గడ్డి దొరుకుతుందని వాళ్ల బర్రెలన్నీ అక్కడే కట్టారు. రోజూ ఆ ఇసుక దాటి పాలు తెచ్చేవాడు.

"గీ సన్న టైర్లు ఇసుకల కత్తి దిగినట్టు దిగుతయ్ పంతులమ్మా," అని తన పాత లావు టైర్లు రెండు నళిని సైకిలుకు ఇచ్చాడు. నా చక్రాలకు ఆ కొలత సరిపోదు. "చైనుకు నూనె పెట్టొద్దు, ఇసుకంత అంటుకుంటది. వాగు కాడ గాలి సగం తియ్యాలె. దాటినంక మల్ల కొట్టాలె."

"గాలి తగ్గితే రాపిడి పెరుగుతుంది యాదగిరీ. భౌతికశాస్త్రం."

"శాస్త్రం మస్తుంటది పంతులమ్మా. ఇసుక చదువుకోలే గద."

నళిని నవ్వింది. నేను నవ్వలేదు. శనివారం సాయంత్రం ఖాజా మియా చేత నాలుగు చక్రాలకూ వేలు దిగనంత గట్టిగా గాలి కొట్టించాను.

ఆదివారం పొద్దున ఐదుంబావుకి బయల్దేరాం. దారి ఇది: గౌలిపుర నుంచి షాలిబండ, హుస్సేనీ ఆలం, దూద్‌బౌలి మీదుగా బహదూర్‌పుర, అక్కడి నుంచి మీరాలం చెరువు పక్కగా ఆరాంఘర్. ఆ వేళప్పుడు రోడ్డు మీద పాల సైకిళ్లూ నమాజుకు వెళ్లేవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. ఆరాంఘర్ ఎత్తు ఎక్కాక ఆరున్నరకి టీ తాగాం, కప్పు నలభై పైసలు. రాజేంద్రనగర్ పొలాల మీదుగా హిమాయత్‌సాగర్ కట్ట చేరేసరికి ఏడూ నలభై. అక్కడి నుంచి సాగరం చుట్టూ గుండ్రాళ్ల బండిబాట నాలుగు కిలోమీటర్లు. ఎనిమిదిన్నరకి వాగు కనిపించింది. నీళ్లు లేవు. తెల్లటి ఇసుక మూడు కిలోమీటర్లు, దాని అవతల చిన్న ఊరు.

నేను పెద్దదాన్ని కాబట్టి ముందు దిగాను. ఇరవై గజాలు వెళ్లాను. ముందు చక్రం ఆగిపోయింది, నేను ఆగలేదు. లేచి చీర దులుపుకుని మళ్లీ ఎక్కాను. ఈసారి పది గజాలు.

వెనక్కి చూస్తే నళిని ఇంకా గట్టునే ఉంది. సైకిలు స్టాండు వేసి, వాల్వు వదులు చేసి, బొటనవేలితో టైరు నొక్కి చూసుకుంటోంది. గాలి బుస్సుమంటోంది. తర్వాత ఎక్కి నా పక్క నుంచి వెళ్లిపోయింది. వేగంగా కాదు. మెత్తగా, ఆగకుండా, హ్యాండిల్ తిప్పకుండా వెళ్లింది. దాని టైర్ల కింద ఇసుక గుంట పడలేదు, పరుచుకుంది.

"నీవీ తియ్యనా నాయనమ్మా?" అని అరిచింది దూరం నుంచి.

"అక్కర్లేదు!"

పావుగంట సైకిలును నడిపించుకుంటూ వెళ్లాను. ఆ తర్వాత ఎవరూ చూడకుండా నా టైర్లలోనూ గాలి తీశాను. ఇరవై ఆరు అంగుళాల సన్న టైరు, గాలి తీసినా పెద్దదానిలా పోదు గానీ, పోతుంది. మధ్యమధ్య దిగుతూ ఊరు చేరేసరికి పదైంది. నళిని అప్పటికే ఒక ముసలావిడ గుడిసె ముందు కూర్చుని జొన్నరొట్టె తింటోంది. రొట్టెలు, పచ్చిపులుసు ఇద్దరికీ కలిపి రూపాయిన్నర. అంతకంటే ఎక్కువిస్తే ఆవిడ తీసుకోలేదు.

"ఏడికెల్లి వచ్చిన్రు?" అంది నన్ను చూసి.

"గౌలిపుర నుంచి."

"సైకిళ్ల మీదనా! ఇంట్ల మొగోళ్లు లేరా?"

"ఉన్నాడొకడు. ఇంటి దగ్గర కూర్చుని ఫికరు చేస్తున్నాడు."

"గా పని మంచిగ చేస్తరు," అంది ముసలమ్మ, రొట్టె తిప్పుతూ.

ఎండ తగ్గేదాకా ఆగుదామంటే నవంబరు పొద్దు చిన్నది. ఒంటిగంటకు తిరుగు దారి పట్టాం. ఇసుక దాటగానే నళిని గట్టు మీద ఆగి పంపు తీసి గాలి కొట్టడం మొదలుపెట్టింది. చేతిపంపుతో ఒక్కో చక్రానికి నూట యాభై సార్ల దాకా కొట్టాలి.

"నువ్వూ కొట్టుకో నాయనమ్మా. ముందంతా రాళ్లు."

"కట్ట దగ్గర కొట్టుకుందాంలే. ఆలస్యమవుతుంది, పద."

ఇలా అన్నది లెక్కల టీచరు. గాలి చాలని టైరు గుండ్రాళ్ల మీద రిమ్ముకు పట్టు లేక జరుగుతుంది. జరిగితే ట్యూబును లాగుతుంది. లాగితే వాల్వు మొదట్లో తెగుతుంది. ఇదంతా ముందే ఆలోచించి ఉండవచ్చు. అర కిలోమీటరు వెళ్లాక చప్పుడు విని ఆలోచించాను. పంక్చరైతే అతుకు వేసుకోవచ్చు. వాల్వు మొదలు ఊడితే చేసేదేమీ లేదు.

కట్ట దాకా నా సైకిలును ఈడ్చుకుంటూ నడిచాం. నళిని తన సైకిలు దిగి నాతోపాటే నడిచింది. కట్ట చేరేసరికి మూడు దాటింది. ఇంటికి ఇంకా పదహారు కిలోమీటర్లు. ఇద్దరం నడిస్తే రాత్రి ఎనిమిది దాటుతుంది. అది వాహనం ఎక్కకపోయినా పరీక్ష పోయినట్టే.

అప్పుడు ఇసుక లారీ వచ్చింది. డ్రైవరు గడ్డం ఉన్న పెద్దమనిషి, తల బయటపెట్టి ఆపాడు. "క్యా హువా అమ్మా? టైర్ గయా? ఎక్కుండ్రి, ఇద్దర్ని పురానాపూల్‌ల దింపుత. సైకిళ్లు రేతి మీద ఏద్దాం."

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. ఆరాంఘర్‌లో దింపమంటే అక్కడి నుంచి పిల్ల తొక్కుకుంటూ ఇంటికి వస్తుంది, వేళకు చేరుతుంది, ఎవరికీ తెలియదు. ఈ ఆలోచన వచ్చింది దానికి కాదు, నాకు. ఆలోచించడమే కాదు, పైకి అన్నాను.

నళిని నా వైపు చూసింది. "నువ్వు ఇన్విజిలేటర్‌వి నాయనమ్మా. చీటీ నువ్వే అందిస్తావా?"

ముప్పై ఏళ్లలో నన్నెవరూ హాల్లోంచి బయటికి పంపలేదు. ఆ రోజు మా మనవరాలు పంపింది. పంపు, నీళ్ల సీసా దానికిచ్చి లారీ ఎక్కాను. అద్దంలో అది చిన్నదవుతూ కనిపించింది. వంగి, మెడ నిటారుగా పెట్టి తొక్కుతోంది.

"అకేలీ పిల్లను వదిలేసినవ్. డర్ లేదా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"దానికి భయం లేదు. నాకుంది."

"అయితే మంచిదే," అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. పురానాపూల్ నుంచి రిక్షాకు మూడు రూపాయలయ్యాయి.

నాలుగున్నరకి ఇల్లు చేరాను. ప్రసాదు అరుగు మీద ఉన్నాడు. రిక్షాలో నన్నూ నా సైకిలునూ చూశాడు.

"నళిని ఏదీ?"

"వస్తోంది."

"ఎలా?"

"సైకిలు మీద."

"ఒక్కత్తే?" అని లోపలికెళ్లి స్కూటరు తాళంచెవి తెచ్చాడు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"నువ్వెళ్లి దారిలో దాని పక్కన స్కూటరు నడిపితే, అది రేపు ఎవరికీ తన సొంతంగా వచ్చానని చెప్పుకోలేదు. కూర్చో."

"నువ్వు లేనప్పుడు ఏం చేసిందో ఎవరు చూశారమ్మా?"

"ఎవరూ చూడలేదు. నేను ముప్పై ఏళ్లు వెనక బెంచీ నుంచి పిల్లల మెడలు చూశాను ప్రసాదూ. చూసిరాసేవాళ్ల మెడ ఎలా ఉంటుందో నాకు తెలుసు. దీని మెడ అలా లేదు."

కూర్చున్నాడు. లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. ఐదు కొట్టింది. ఐదుంబావు. నేను వత్తులు చేస్తున్నట్టు కూర్చున్నాను. లెక్క పెట్టలేదు గానీ ఆ సాయంత్రం చేసిన వత్తులు కార్తీకమంతా సరిపోయాయి. ఐదున్నరకి గోడల మీద ఎండ పోయింది. ఎదురింట్లో దీపం పెట్టడానికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది.

అప్పుడు గల్లీ మలుపులో గంట మోగింది.

మొహమంతా దుమ్ము. మోచేతుల దాకా నల్లటి మరకలు. సైకిలు దిగి, స్టాండు వేసి, తిన్నగా నిలబడింది. నిలబడడానికి కష్టపడుతోందని నాకు మాత్రమే తెలుసు.

"దారిలో ఏమైనా ఎక్కావా?" అన్నాడు ప్రసాదు.

"లేదు. బహదూర్‌పురలో దిగాను. చైను జారింది. ఎక్కించుకుని వచ్చాను."

దాని చేతులు చూశాడు. తర్వాత వంగి చైను చూశాడు, వెనక చక్రం తిప్పి చూశాడు. ఎంతసేపో. లోపలికి వెళ్లి కిరసనాయిలు గుడ్డ తెచ్చి, దాని చేతికిచ్చాడు. ఆ తర్వాత రేడియో మీది ఫారం తీసుకుని అరుగు మీద కూర్చుని పెన్ను మూత తీశాడు. అందులో ఒక గడి ఉంది: ఇసుకలో నడిపిన అనుభవం ఉందా? మా వాడు చిన్న అక్షరాలతో రాశాడు: "ఉంది. ఆమె నాయనమ్మకు కూడా, కొంతదూరం." కింద సంతకం పెట్టాడు.

నళిని వెళ్లివచ్చింది. జైసల్మేరు దగ్గర మొదటి ఇసుకమేట రాగానే పదకొండుమందీ దిగి నెట్టుకుంటూ వెళ్తుంటే, మాది ఆగి టైర్లు నొక్కి చూసుకుందట. అప్పుడు మిగతావాళ్లూ దాన్ని చూసి గాలి తీశారట. ఆ సంగతి విన్న రోజు నేను గౌలిపురలో చెప్పని ఇల్లు లేదు. యాదగిరికి రెండుసార్లు చెప్పాను, రెండోసారి అతనే అడిగాడు. నేను చాలామంది ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. వాళ్లలో కొందరు నాకంటే బాగా లెక్క వేశారు, సంతోషించాను. కానీ తన పేపరు దిద్దే మనిషినే తప్పు చెయ్యనివ్వకుండా ఆపిన పిల్ల ఇదొక్కతే. అది నా మనవరాలు కావడంలో నా ప్రయోజకత్వం ఏమీ లేదు. అయినా తల ఎత్తుకునే తిరుగుతున్నాను.

ఈ దారికి వెళ్లేవాళ్లకు ఒక్కటే సలహా. ఇసుక అంచున ఆగి, బొటనవేలు కొంచెం దిగేదాకా గాలి తియ్యండి. ఇసుక దాటి మొదటి రాయి కనిపించిన చోటే మళ్లీ కొట్టండి, మీకు ఎన్ని డిగ్రీలున్నా, ఎంత ఆలస్యమైనా, చెప్పింది మీ మనవరాలే అయినా సరే.