సెమి నిలబడ్డ చోటు

వేలాయుధం గౌండర్‌కు గోడల మీద బురద గీత కనిపించడం మొదలై ఏడేళ్ళయింది. ఇంట్లోనూ, క్లబ్బులోనూ, తాను మంచాలు దానం చేసిన ఆసుపత్రిలోనూ గుండెల ఎత్తున అదే గోధుమరంగు గీత. కింద తడి, పైన పొడి. ఇంకెవరికీ కనిపించదు.

"మళ్ళీ గోడకేసి చూస్తున్నారా? పోయినేడేగా రంగులేయించాం," అనేది భార్య కోకిల. "డబ్బేమన్నా దాచారా అందులో?"

ఆయనకు నవ్వు వచ్చేది కాదు.

చెరకు కొట్టే ఇంట పుట్టి, బ్యాంకులో సంతకాలు సరిచూసే గుమాస్తాగా చేరి, నలభై నిండకుండానే మేనేజరు గది తలుపు మీద పేరు రాయించుకున్న మనిషి. ఆ చక్కెరమిల్లు పట్నంలో సగం ఇళ్ళు ఆయన సంతకంతోనే లేచాయి. ఆపైన బ్యాంకు వదిలి స్థలాల కంపెనీ పెట్టాడు. కౌన్సిల్లో కూర్చున్నాడు, మురుగుకాలువల సంఘానికి పెద్ద అయ్యాడు. బడికి కప్పు వేయించాడు, శ్మశానంలో షెడ్డు కట్టించాడు. చేసిన మంచి చేశాడు, ఎవరూ కాదనలేరు. పీకించినది మాత్రం ఒకటుంది.

ఏటి వంపులో చెరకుతోట కౌలు గడువు తీరితే, ఆ నేలను తన కంపెనీ పేర రాయించుకుని నూట పది ప్లాట్లు వేశాడు. దారి మొదట్లో నిలువునా పాతిన పాత రైలు పట్టా ఉండేది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా పాతవాళ్ళు నీళ్ళు లేచినంత ఎత్తున దాని మీద గాటు పెట్టి ఎర్రరంగు పూసేవారు. అన్నిటికన్నా పైగాటు మనిషి తలకు జానెడు పైన. ప్లాటు చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు దాన్ని చూసేవారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని కారెక్కేవారు. గౌండర్ మూడు నెలలు ఓర్చుకున్నాడు. చివరికి 'దారికి అడ్డం' అని రాసి, సంఘం పెద్దగా తానే సంతకం పెట్టి పీకించాడు. ఆరు వారాల్లో ప్లాట్లన్నీ అమ్ముడుపోయాయి.

నాలుగేళ్ళకు వరద వచ్చింది. నూట పది ఇళ్ళ జనమూ బతికారు. కాలనీ కాపలా మనిషి సెమి ఒక్కడే పోయాడు.

ఇప్పుడు కౌన్సిల్ అక్కడ పార్కు కట్టి, గౌండర్ పేరు చెక్కిన రాయి నిలబెడతానంది. సరిగ్గా పట్టా పీకిన చోటే. ఆ కబురు విన్ననాటి నుంచి గీత గడ్డం దాకా లేచింది. నిజం చెప్పేస్తే తప్ప ఆ రాయి ముందు నిలబడలేననుకున్నాడు.

శనివారం పొద్దున తిమింగలం పన్ను ఒకటి సంపాదించి సెమి భార్య ఉనైసి ఇంటికి వెళ్ళాడు. ఈ దీవుల మూలవాసులైన వాళ్ళలో క్షమాపణ అడిగేవాడు ఆ పన్ను చేతబట్టే రావాలి. చాప మీద సెమి వాళ్ళ అన్న అపకూకి కూర్చున్నాడు. గౌండర్ తల వంచుకుని, బ్యాంకు కౌంటరులో నేర్చిన వాళ్ళ భాషలోనే చెప్పాడు.

"పట్టా పీకించింది నేను. ప్లాట్లు అమ్ముకోడానికి. నీళ్ళెంత వస్తాయో జనానికి తెలీకుండా చేసింది నేనే."

దాలో అనే చేమదుంపలను ఉడకబెట్టి పొట్టు చెక్కుతున్న ఉనైసి చేతిలో కత్తి ఆగలేదు.

"తెలుసు మేనేజరూ. పీకిన చేతులు ఎవరివనుకున్నావ్? మా ఆయనవే."

"సెమివా?"

"పేర్లడిగావా అప్పుడు? నలుగురు కావాలన్నావు, వచ్చాడు. వరద రోజు మీ ప్లాట్లవాళ్ళు వరండాల్లో కూచుని టీ తాగుతున్నారంట, నీళ్ళు ఇంతకన్నా రావులే అని. ఈయన పోయి ఆ పట్టా పీకిన గుంట దగ్గర నిలబడ్డాడు. 'నేనే పట్టాని, నన్ను చూస్తా ఉండండి' అని అరిచాడంట. పిల్లలు పడీపడీ నవ్వారంట. నడుందాకా వచ్చాక నవ్వులాగినయ్. గుండెల దాకా వచ్చాక మూటలు కట్టుకుని గుట్టెక్కారు."

"మరి తను ఎందుకు కదల్లేదు?"

ఉనైసి నోరు తెరిచేలోపే అపకూకి చెయ్యెత్తాడు. పన్ను అందుకుని ముఖానికి ఆనించుకున్నాడు. అరచేతులు గుల్లగా వంచి మూడుసార్లు చప్పట్లు చరిచాడు.

"పుచ్చుకున్నాం. పూడ్చేశాం. ఇక ఈ మాట మా నోట రాదు, నీ నోటా రాకూడదు."

"ఒక్కటి, ఉనైసీ, ఒక్కటే..."

"తిను మేనేజరూ, చల్లారిపోతది," అని ఆమె కంచం ముందుకు జరిపింది.

"ఆ రాయి వద్దని చెప్పేస్తాను," అన్నాడు గౌండర్.

"ఎందుకని అడిగితే ఏం చెప్తావ్? పూడ్చినదాన్ని తవ్వుతావా?" అపకూకి నిజంగానే నొచ్చుకున్నాడు. "మేమంతా వస్తాంగా. ఉనైసి దండ అల్లుతుంది."

అన్నట్టే వచ్చారు. ఆడవాళ్ళు చాపలు పరిచి పాడారు. ఉనైసి తానే దండ వేసింది. కౌన్సిలువాళ్ళు పొగడవలసినంత పొగిడి టీ బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. గౌండర్ రాయి పక్కనే నిలబడిపోయాడు.

"రండీ, ఎండ మాడ్చేస్తోంది," అని కోకిల చెయ్యి పట్టి లాగింది. "అందరూ అటు పోతే మీరొక్కరూ ఇక్కడేంటి?"

ఆయన ఇళ్ళ వైపే చూస్తున్నాడు.

"ఉండవే," అన్నాడు. "అందరూ గుట్టెక్కారో లేదో చూడనీ."