అడక్కుండా వచ్చిన పిండి

బిస్కెట్ల ఫ్యాక్టరీ గోడౌన్ చూసుకునే ఆమెను అందరూ డేగకళ్ల అక్క అనేవారు. మంచినీళ్లలో కూడా కల్తీ వెతికే మనిషి. యాజమాన్యం పిండి బస్తాలకు నిల్వ లెక్క చూపే స్టిక్కర్లు అంటించి, గోడకు కంప్యూటర్ తెర బిగించిన రోజే అది తన మీద నిఘా అని తేల్చేసుకుంది.

ఒక ఉదయం ముక్కూమొహం తెలియని మిల్లు నుంచి లారీ వచ్చి ఆగింది.

"ఈ పిండి ఎవరు తెప్పించారు?" అని సూపర్‌వైజర్‌ను నిలదీసింది.

"కంప్యూటరే అక్కా. వరదకి వంతెన మునిగింది కదా, మనం ఎప్పుడూ కొనే మిల్లు లారీలు రావని నిన్నే పసిగట్టి వీళ్లకి ఆర్డర్ పెట్టేసింది."

"అలాగా! ఈ మిల్లువాడు దానికి బావమరిదేమో!"

వెంటనే పాత మిల్లు యజమానికి ఫోన్ చేసింది. "నిజమేనమ్మా, లారీలన్నీ ఇక్కడే చిక్కుకుపోయాయి," అన్నాడాయన.

అయినా మనసొప్పలేదు. బస్తాలన్నీ విప్పించి వాసన చూసింది. గుప్పెడు పిండి తడిపి సాగదీసింది. వంక పెట్టడానికి ఆవగింజంత లోపమైనా దొరకలేదు. చేసేది లేక లోపలికి పంపింది. ఆ రోజు పొయ్యిలు ఆరలేదు, పని లేదని ఎవరూ ఇంటిదారి పట్టలేదు.

సాయంత్రం భర్త అడిగాడు, "ఏంటి, మొహం అలా పెట్టావు?"

"పిండి చాలా బాగుందండీ," అందామె. "అదే నా అనుమానం."