ఖాళీ సీటు బెల్టు

దెయ్యం మాటెత్తితే నవ్వేసేవాణ్ణి నేను. మా ఆవిడ దిష్టి తీస్తానంటే "ఆ మిరపకాయలేవో కూరలో వెయ్యి" అనేవాణ్ణి. ఇంజన్లు విప్పి బిగించే మనిషిని. ఏ చప్పుడైనా ఎక్కడో ఒక నట్టు వదులైతేనే వస్తుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం, ఒక్క విషయంలో తప్ప.

ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నం ఊరి చివర హెలికాప్టర్ నడపడం నేర్పే చిన్న మైదానంలో మెకానిక్‌ని. ఎంత బాగుండేవో ఆ రోజులు! వన్ టౌన్‌లో ఇల్లు. పొద్దున్నే సైకిలెక్కి, పూర్ణా మార్కెట్ దగ్గర నిలబడే ఇడ్లీ తిని, పోర్టు దాటేసరికి చొక్కా నిండా ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము. ఉతకలేక మా ఆవిడ తిట్టేది. ఆ తిట్లు తలుచుకున్నా ఇప్పుడు ముచ్చటగానే ఉంటుంది.

జోసెఫ్ మా వీధివాడే. పైలట్ కావాలని అక్కడ చేరాడు. పదిమందిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాడు, ఎవరూ లేకపోతే బావా అనేవాడు. ఆ రోజు మొదటిసారి ఒంటరిగా ఎగరబోతున్నాడు.

అలా ఎగిరి దిగినవాడి నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరించడం మా దగ్గర ఆచారం. బకెట్ నింపే పని నాది.

"బావా, సల్లటి నీళ్లు పొయ్యకు, జలుబు సేత్తాది" అన్నాడు.

"ముందు నువ్వు దిగు నాయనా, వేణ్ణీళ్లే పోత్తాను" అన్నాను.

అసలు పని ఇంకోటుంది. అది రెండు సీట్ల హెలికాప్టర్. ఇద్దరి ముందూ నడిపే కర్ర చెరొకటి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. ఇన్‌స్ట్రక్టర్ దిగిపోగానే ఆయన బెల్టుని ఆ ఖాళీ సీటుకే బిగించాలి. వదిలేస్తే ఆ పట్టీ ఎగిరి కర్రకి చుట్టుకోవచ్చు. చుట్టుకుంటే ఇక హెలికాప్టర్ మాట వినదు.

ఇన్‌స్ట్రక్టర్ దిగారు. పైన రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. నేనేమో ఆ సంబరంలో బకెట్ పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాను.

బకెట్ సగం నిండాక బెల్టు గుర్తొచ్చింది. తలెత్తేసరికి జోసెఫ్ గాల్లో ఉన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మైదానం అవతలి కొసనున్న ఇన్‌స్ట్రక్టర్‌కి చెబుదామని పరిగెత్తాను. ఈలోపే ఒక చుట్టు తిరిగి దిగిపోతున్నాడు. ఇంకా మనిషెత్తున ఉండగా సముద్రం వైపు నుంచి గాలి ఒక్క విసురు విసిరింది. హెలికాప్టర్ ఒరిగిపోయి, రెక్కలు నేలకి కొట్టుకుని, పక్కకి పడిపోయింది.

చంపేశాన్రా దేవుడా, అనుకున్నాను.

జోసెఫ్ బతికే ఉన్నాడు. భుజం ఎముక విరిగింది, నుదురు చిట్లింది. ఇన్‌స్ట్రక్టరూ నేనూ బయటికి లాగాం. అప్పుడు చూశాను ఖాళీ సీటు.

బెల్టు బిగించి ఉంది. మిగిలిన పట్టీ కొస రెండు చుట్లు చుట్టి, నీలం వల తాడుతో ముడేసి ఉంది.

అలా ముడేసేది ఒక్కడే, నాకు పని నేర్పిన అప్పారావు మావ. జాలర్ల ఇంటి మనిషి. జేబులో ఎప్పుడూ వల తాడు ముక్కలుండేవి. "బకిల్ని నమ్మకురా, ముడిని నమ్ము" అనేవాడు. పచ్చకామెర్లతో పోయి అప్పటికి నాలుగు నెలలు. పాడె మోసినవాళ్లలో నేనొకణ్ణి.

పాత ముడేమో అనుకుందామంటే, పది నిమిషాల ముందు అదే బెల్టు పెట్టుకుని ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నారు. మీరు కట్టారా సార్ అని అడిగాను. "అది నీ పని కదయ్యా" అన్నారు. మిగతా మెకానిక్‌లు ఆ పొద్దు షెడ్డు దాటి రాలేదు.

ఆసుపత్రిలో జోసెఫ్ నా చెయ్యి వదల్లేదు. "ఎగిరే ముందు బయంతో సచ్చిపోతన్నాను బావా. నువ్వు పక్క సీటు బెల్టు కట్టి నా బుజం తట్టావు సూడు, అప్పుడొచ్చింది దైర్యం" అన్నాడు.

"నా మొకం సూసావేటి?"

"లేదు. ముందుకే సూత్తన్నాను. సెయ్యి తెలిసింది."

నాను కాదురా అని చెప్పకుండానే చెయ్యి విడిపించుకున్నాను. వరండాలోకొచ్చి ఏడ్చాను.

విచారణలో గాలి వల్లే పడిందన్నారు. బెల్టు వదులుగా ఉండుంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. కట్టింది నువ్వేనా అని అడిగారు. ఇద్దరు పిల్లలు, ఉన్నది ఒక్క ఉద్యోగం. "నానే సార్" అని సంతకం పెట్టేశాను.

జోసెఫ్ ఏటా క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వస్తాడు. "మీ తాత లేకపోతే నాను లేను" అని మా మనవలకి చెబుతాడు. నేను తలొంచుకుని కేకు తింటాను. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూనే ఇన్నేళ్లు గడిపేశాను. సిగ్గుగా ఉంటుంది.

బెల్టు నాను కట్టలేదురా జోసెఫ్. ఎవరు కట్టారో నాకు తెలీదు.