తూచకుండా రాసిన బరువు

తడిసిన రెయిన్‌కోటు వాసన నాకు ఇప్పటికీ పడదు. అది తగిలితే చాలు, జింగనూర్ దారిలో నాకంటే ముందు విసవిసా నడిచే రాజక్క గుర్తొస్తుంది. రాష్ట్ర సరిహద్దు అవతలి సిరొంచ తాలూకాలో నేను నర్సుగా చేరినప్పుడు నా పైన ఉన్న పెద్ద నర్సు ఆవిడ. గూడేల్లో గోండీ, ఆఫీసులో మరాఠీ మాట్లాడేది. నన్ను తిట్టడానికి మాత్రం తెలుగే.

పిల్లల్ని తూచే ముందు త్రాసుకు రెండు కిలోల రాయి తగిలించి, ముల్లు సరిగ్గా రెండు దగ్గర ఆగితేనే బిడ్డను ఎక్కించనిచ్చేది. నాకది చాదస్తంగా ఉండేది. ఇరవై రెండేళ్ల వయసు; లోకంలో తెలివంతా నాకే ఉందనుకునే రోజులు.

ఒక వానాకాలం నన్ను ఒక్కదాన్నే జింగనూర్ అవతలి చిన్న గూడేనికి పంపింది. చివరి ఇంటికి వాగు దాటాలి. నేను దాటలేదు. ఆ ఇంటి ఏడు నెలల పాపకు పోయిన నెల బరువు చూసి, దానికో పావు కిలో కలిపి రిజిస్టరులో రాసేశాను. మూడు రోజుల తర్వాత రాజక్క ఆ పేజీ మీద వేలు పెట్టింది.

"మొన్న వాగు పొంగింది గదా. ఈ పిల్లనెట్ల తూచినవ్?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

"తూచలేదక్కా."

"పోలేకపోతే పోలేదని రాయాలె. పిల్ల పెరిగిందని ఎట్ల రాస్తవ్? నడువ్."

వాగు మోకాళ్ల లోతుకు తగ్గింది. పాపను తూచాం. నేను రాసినదానికంటే కిలో తక్కువ! విరేచనాలతో కళ్లు లోపలికి పోయాయి. రాజక్క అంబులెన్సుకు కబురు పంపి, చెంచాతో ఉప్పూ చక్కెర నీళ్లు పాపకు పడుతూ తల్లి వైపు చూపించింది.

"ఆమెకు చెప్పు. గోండీల నేను చెప్త, మాట మాత్రం నీదే ఉండాలె."

"నేను రాకుండనే వచ్చినట్టు రాసిన. తప్పు నాదే," అన్నాను. తల్లి పాపను ఎత్తుకుని నాకు వీపు తిప్పింది. తిట్టినా బాగుండేది.

పాప తాలూకా ఆసుపత్రిలో పది రోజులుండి బతికింది. బతకకపోతే నేనేమయ్యేదాన్నో తెలియదు.

"పై ఆఫీసుకు రాస్తవా అక్కా?" అని భయపడుతూ అడిగాను.

"రాసిన. నీ పేరు రాసిన, నా పేరు గూడ రాసిన. వానల నిన్ను ఒక్కదాన్నే తోలింది నేనే గదా."

అంతకుముందు మంచితనం నాకు పుట్టుకతోనే ఉందనుకునేదాన్ని. అది రోజూ చేసుకోవలసిన పనని ఆవిడ దగ్గరే తెలిసింది.

రాజక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా కింద నలుగురు నర్సులున్నారు. పోయిన నెల ఒక ఇంటికి నేనే వెళ్లలేదు. వాళ్ల ముందే రిజిస్టరు తీసి, "వెళ్లలేదు, బద్ధకించాను" అని రాశాను. ఈ వయసులోనూ సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మర్నాడు తెల్లవారగానే ఆ ఇంటికి వెళ్లాను.