నేను కూర్చున్న రాయి

మా బావమరిది గురించి ఊళ్ళో తిరుగుతున్న మాటల్లోంచి ముందు అబద్ధాలను ఏరి పక్కన పెట్టాలి. అతను బొగ్గు దొంగ కాడు. గని కార్యాలయంలో అనుమతి తీసుకున్నాకే దిబ్బ ఎక్కేవాడు. పైగా ఆ దిబ్బ మీద ఉన్నది పొయ్యిలో మండే బొగ్గు కాదు, బొగ్గుతో పాటు పైకి వచ్చి, పనికిరాదని పారబోసిన నల్లటి పలకరాయి. అతనికి వజ్రం దొరికిందనీ, దాన్ని కట్టుడు పళ్ళలో దాచి అమ్మేశాడనీ అంటున్న పక్కింటావిడ కల్పనాశక్తిని మెచ్చుకోవచ్చు గాని, ఆమె సాక్ష్యాన్ని స్వీకరించలేము. అపురూపమైన శిలాజాన్ని తన చేతులతో తనే నాశనం చేశాడన్న ఆరోపణను మాత్రం కొంత ఓపికగా విచారించాలి. అన్నిటికన్నా పెద్ద అబద్ధం స్థానిక పత్రికలో అచ్చయింది. ఆ శిలాజాన్ని కనిపెట్టింది నేనట! నా ఫొటో కూడా వేశారు. అందులో నేను గంభీరంగా ఉన్నాను. గంభీరంగా ఉండడం నాకు చిన్నప్పటి నుంచీ చేతనైన పని.

నేను బీమా సంస్థలో నష్టపరిహారం దావాలు తేల్చే అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో పాలు పొంగినా సాక్షులెవరని అడుగుతానని నా భార్య ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నిజం ఉంది.

బావమరిది అంటే ఆమె తమ్ముడే. దంతవైద్యులు పంపిన అచ్చులను బట్టి కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. మా ఇంటి వెనక గదే అతని పనిచోటు. బల్ల మీద సుద్దపొడి, సన్నటి సూదులు, బ్రష్షులు. కిటికీ వారన నీళ్ళ గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక్కో పళ్ళ వరస, ఎవరి మీదో నవ్వుతున్నట్టు. తయారైన పళ్ళు ఆరిపోతే వంకర తిరుగుతాయి. అందుకే వాటిని నీళ్ళలో ఉంచడం ఆ వృత్తిలో మొదటి పాఠం. ఈ సంగతి గుర్తుంచుకోవాలని మనవి.

ఒకసారి మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు అతను ఆగిపోయాడు. లోపల ఓ ప్రాచీన ఉభయచరం దవడ ఉంది. డైనోసార్లకు ఎంతో ముందు, ఇప్పటి బొగ్గంతా ఇంకా చిత్తడి అడవిగా ఉన్న రోజుల్లో, నీళ్ళలో పుట్టి ఒడ్డు మీద పాకడం నేర్చిన ప్రాణి అది. కప్పలకు దూరపు ముత్తాత. "కింది వరస ఎవరు చేశారో గాని భలే కుదిరింది," అన్నాడు బావమరిది. అప్పటి నుంచి సెలవు దొరికితే దిబ్బ మీదే. అలాంటి దాన్ని ఒక్కటైనా కనిపెట్టి, దాన్ని అదే మ్యూజియం తీసుకునేలా చేయాలన్నది అతని పట్టుదల. ఏళ్ళ తరబడి ఆకుల ముద్రలే దొరికాయి. "కప్ప కోసం పోయి ఆకుకూర తెస్తున్నా," అని తన మీద తనే జోకు వేసుకునేవాడు.

నేను ఉద్యోగం మానిన వారానికే నా భార్య, "ఒరేయ్ తమ్ముడూ, మీ బావగారిని కూడా తీసుకుపోరా. ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది," అంది. అలా నేను విజ్ఞానశాస్త్రంలోకి ప్రవేశించాను. మోకాళ్ళ నొప్పుల వల్ల నాకు వంగే పని పడదు. ఎత్తు సరిపోయే పలకరాయి ఒకటి చూసుకుని, తువ్వాలు పరుచుకుని కూర్చునేవాణ్ణి. అతను రాయి పగలగొట్టి తెచ్చి చూపిస్తే, "సాక్ష్యం చాలదు," అని కొట్టేసేవాణ్ణి.

ఒకనాడు అతను నా చుట్టూ ఉన్నవన్నీ పగలగొట్టేసి, సుత్తి పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు.

"బావగారూ, కాస్త లేవండి."

"దీన్ని నేను పరీక్షించాను. ఇందులో ఏమీ లేదు."

"ఎలా పరీక్షించారు?"

"ఇన్నాళ్ళూ దీని మీదే కూర్చున్నాను కదా!"

"అయితే పొదుగుతున్నారేమో. లేవండి, పిల్లని చూద్దాం."

లేచాను. అంచున ఉలి పెట్టి నెమ్మదిగా తట్టాడు. రాయి పుస్తకంలా విచ్చుకుంది. అతను కళ్ళజోడు సర్దుకుని దాని మీదికి వంగాడు. తర్వాత, "పళ్ళు, బావగారూ," అన్నాడు. బొటనవేలంత తల. పెద్ద కళ్ళ గుంటలు, దవడ పొడవునా సూది మొనల్లాంటి పళ్ళు.

ఆ తల ఉన్న అరచేతంత ముక్కను విడదీసి తెచ్చి, ఇంటికి రాగానే మ్యూజియం అధికారిణికి ఫోన్ చేశాడు. వచ్చే వారం వస్తాననీ, అంతవరకూ దాన్ని ఏమీ చేయవద్దనీ ఆమె చెప్పింది. అతను ఏమీ చేయలేదు. అతని లెక్కలో నీళ్ళలో పెట్టడం ఏదో చేయడం కిందకు రాదు. రెండు పళ్ళ సెట్ల మధ్య గిన్నెలో మా పురాతన అతిథిని దింపాడు. నేను ఆమోదం తెలిపాను. అంతేకాదు, ఇంటికి వచ్చినవారందరికీ దాన్ని పైకి తీసి చూపించి, ఉపన్యాసం ముగిశాక మళ్ళీ నీళ్ళలో వేసినవాణ్ణి నేనే.

కొద్ది రోజుల్లో దాని మీద పసుపుపచ్చటి పొడి పొంగింది. గదిలో అగ్గిపుల్ల గీసినట్టు వాసన. ఎముక పొట్టు రేగి నీళ్ళలో తేలుతోంది. కంగారుగా మళ్ళీ ఫోన్ చేశాడు.

"నీళ్ళలో పెట్టారా?" అని ఆమె అరిచిన అరుపు నాకూ వినిపించింది. "ఆ రాయిలో ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం ఉంటుందండీ. తడీ గాలీ తగిలితే ఉబ్బి ఎముకను పగలగొట్టేస్తుంది. వెంటనే తీసి ఆరబెట్టండి!"

ఆరబెట్టాడు. అప్పటికే ఆలస్యమైంది, ముట్టుకుంటే ఎముక పొడిగా రాలుతోంది. మళ్ళీ ఫోన్ చేస్తే ఆమె దొరకలేదు. బావమరిది సూది చేతిలోకి తీసుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఎముక మొత్తం తీసేస్తా. అది ఎలాగూ దక్కదు. ఆలస్యం చేస్తే రాయిలో అది కూర్చున్న గుంట అంచులు కూడా విరిగిపోతాయి. గుంట మిగిలితే అచ్చు పోయొచ్చు."

"ఉన్న ఆస్తిని నువ్వే ధ్వంసం చేస్తే ఏ దావా చెల్లదు," అన్నాను, అధికార స్వరంతో.

గుమ్మంలోంచి నా భార్య అందుకుంది. "వాడికి చెయ్యి ఉంది, మీకు నోరుంది. కాసేపు మీది ఆపితే వాడిది పనిచేస్తుంది. వెళ్ళి దీపం పట్టుకోండి."

దీపం పట్టుకున్నాను. నా నీడే పని మీద పడుతోందని రెండుసార్లు చోటు మార్పించాడు. సూదితో గీరి, బ్రష్షుతో ఊడ్చి, ఆ తలను రేణువు రేణువుగా బయటికి తీశాడు. అంత కాలం వెతికినదాన్ని తనే తుడిచేస్తున్నాడు. నేను మొదటిసారి తీర్పు చెప్పకుండా ఊరుకున్నాను. చివరికి గుంటలో అచ్చు తీసే రబ్బరు పోశాడు. అది గట్టిపడ్డాక అంచు పట్టుకుని ఒలిచాడు. గులాబీరంగు తల ఒకటి పైకి లేచింది. కళ్ళ గుంటలు, పళ్ళ వరస, రాయిలో కనపడని అంగిలి కూడా. ఎడమ దవడ మాత్రం లేదు. అక్కడి గుంట నీళ్ళ గిన్నెలోనే చెడిపోయింది.

అధికారిణి వచ్చింది. ఆమె అడగకముందే, "నీళ్ళలో పెట్టింది నేనే మేడమ్," అన్నాడు. "నేను ఆమోదించాను," అన్నాను. "మీరెవరు?" అంది. "దాని మీద కూర్చున్నవాణ్ణి," అన్నాను. అంతకన్నా కచ్చితమైన హోదా నాకు తోచలేదు.

ఆమె భూతద్దంలోంచి చాలాసేపు చూసింది. "నీళ్ళలో పెట్టడం ఘోరం. ఎముక తీసి అచ్చు పోయడం మేమూ చేసే పద్ధతే. కానీ ఎముక పూర్తిగా పాడైతేనే చేస్తాం, మీకు అడిగే ఓపిక ఉండాల్సింది. కొత్త జాతేమీ కాదు. అయితే ఈ గనిలో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. అంగిలి బాగా వచ్చింది. రాయీ, అచ్చూ రెండూ తీసుకెళ్తాను." ఆగి, "ఈ గులాబీరంగేమిటి?" అంది.

"చిగుళ్ళ పనికి ఇదే వాడతామండీ."

అప్పుడామె నవ్వింది. బావమరిది మాత్రం నవ్వలేకపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడిపోయాడు.

విలేఖరి వచ్చిన రోజున అతను ఎవరి పళ్ళో సరిచేస్తూ గది దాటి రాలేదు. ముందు గదిలో కుర్చీలో నేనున్నాను. పత్రిక పొరపాటుకు కారణం అంతే. సవరణ వేయమని రాశాను; వేయలేదు.

ఆధారాలన్నీ పరిశీలించిన మీదట నా నిర్ణయం ఇది. మా బావమరిది ఒక అరుదైన తలను కనిపెట్టాడు. తన వృత్తి అలవాటుతో దాని ఎముకను పోగొట్టాడు, అదే వృత్తి పనితనంతో దాని రూపాన్ని నిలబెట్టాడు. నేను ఆ రాయి మీంచి లేచాను.