బుడ్డలకు పోయిన మార్కులు

మా పక్కింటి పిల్లకు పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో తొంభై ఆరు వచ్చాయి. తెలుగులో యాభై నాలుగు. ఈ రెండంకెలు తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో మాట్లాడే భాష, అందులోనే అన్నిటికన్నా తక్కువ!

మాది గార్లదిన్నె దగ్గరి పల్లె. ఆ పిల్ల అమ్మానాయనలు కూలికి పోయేవాళ్లు. ఐదు వందల మార్కులు తెచ్చుకున్న పిల్లలకు చదువూ హాస్టలూ ఉచితమని అనంతపురంలో ఒక కాలేజీ వాళ్లు ఆ ఏడు చెప్పారు. అన్ని రాకపోతే చదువు చాలించి తమతో పాటు చేనికి రమ్మన్నాడు వాళ్ల నాయన. చెడ్డవాడు కాదు. ఏళ్ల తరబడి సరైన వాన చూడక బెదిరిపోయినవాడు.

ఆరు సబ్జెక్టులూ కూడితే నాలుగు వందల డెబ్బై నాలుగు. ఇంకా ఇరవై ఆరు కావాలి.

"లెక్కలే ఇంకొంచెం గట్టిగా చదువు పాపా. నూటికి నూరు తెచ్చుకో" అన్నాను.

"నిండిన బిందెలో ఎన్ని నీళ్లు పడ్తాయి తాతా? ఆడ నాలుగు మార్కులకే సందుండాది. తెలుగు చూడు, సగం ఖాళీ" అంది.

మిగతా పిల్లలు దిద్దిన పేపరు మడిచి సంచిలో తోసేస్తే, ఈ పిల్ల మా అరుగు మీద పరుచుకుని ఎర్రగీతలు ఒక్కొక్కటే లెక్కబెట్టింది. ఒత్తులు మరిచినవి కొన్ని. టైము చాలక వదిలేసినవి కొన్ని. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు తిన్నవి ఇంటి మాటలు. వ్యాసంలో "మా రైతులు బుడ్డలు నమ్ముకొని బతుకుతాండారు" అని రాసింది. వేరుశనగను మేము బుడ్డలంటాం. కోస్తా నుంచి వచ్చిన తెలుగు సారు దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టాడు. వాళ్ల వైపు బుడ్డ అంటే మగవాళ్లకొచ్చే ఒక వాపు. క్లాసులో నవ్వాడట కూడా. ఎందుకు నవ్వాడో పిల్లలకు అర్థం కాలేదట.

మరునాడే బడికి పోయాను.

"ఏం సారూ, మా పంట మీకు నవ్వులాటగా ఉండాదా?"

"అయ్యో, కూర్చోండి పెద్దాయనా. బుడ్డలంటే వేరుశనగని నాకిప్పుడు తెలిసిందండీ. కానీ పబ్లిక్ పేపర్లు దిద్దేది నేను కాదు కదా. ఏ జిల్లాలో ఎవరి చేతిలో పడతాయో!"

"చేసినాడు, పోయినాడు అన్నా గీత కొడ్తిరే. అదీ తప్పేనా?"

"తప్పని కాదండీ..."

"తప్పు కాకుంటే గీతెందుకప్పా?"

అంత మాట అనేసి గెలిచినవాడిలా ఇంటికొచ్చాను. పిల్ల అంతా విని, "నువ్వు కొట్లాడితే నాకు మార్కులు పడ్తాయా తాతా?" అంది.

"మన మాటకు మర్యాద వద్దా?"

"మాట యాడికీ పోదు. పోతే నా సీటు పోతాది. నీ పాత న్యూస్ పేపర్లిస్తావా?"

నేను బడి మొహం చూడనివాణ్ణి. బస్సుల మీది బోర్డులూ పొట్లాల కాగితాలూ చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అచ్చుకాగితం పారేయడం నావల్ల కాదు. అటక మీది కట్టలన్నీ దించి ఇచ్చాను. ఆ పిల్ల ఒక నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీసింది. ఒకవైపు తప్పు, ఇంకోవైపు ఒప్పు అని రాస్తుందనుకున్నాను. ఒకవైపు "ఈడ", ఇంకోవైపు "ఆడ" అని రాసింది. ఈడ కింద బుడ్డలు, దుడ్లు, ఉండాది. ఆడ కింద వేరుశనగ, డబ్బులు, ఉంది. ఇన్నేళ్లు మాటల కోసం ఊరంతా జగడమాడిన నాకు ఆ ఉపాయం ఎన్నడూ తట్టలేదు. ఇంటి మాటను తక్కువ చేయకుండానే పరీక్ష మాట నేర్చుకోవచ్చని పదిహేనేళ్ల పిల్ల ఒక్క గీతతో చెప్పేసింది.

రోజూ సాయంత్రం నేను పేపరు చదివితే తను రాసేది. తర్వాత బావి కాడ విన్న కబురొకటి ఈడ మాటల్లో నాకు చెప్పి, దాన్నే ఆడ మాటల్లో రాసి చూపేది. ఒకరోజు ఆడవాళ్ల చదువు మీద వ్యాసం రాసిచ్చింది. నేను పైకి చదువుతున్నాను: "అక్కడపిల్లలు తప్పక చదువుకోవాలి."

"ఇదేంది పాపా, ఈ అక్కడపిల్లలు యాడోళ్లు?"

కాగితంలోకి తొంగి చూసి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఆడ అని కనపడితే చాలు తాతా, చేయి దానంతట అదే అక్కడ అని రాసేస్తాండాది!" అప్పటి నుంచి ఏది రాసినా చివర పది నిమిషాలు మిగుల్చుకుని, మొదటి నుంచి చదువుకోవడం అలవాటు చేసుకుంది. ఆ పది నిమిషాల కోసం జవాబులు కుదించి రాయడం నేర్చింది. అలా వదిలేసే ప్రశ్నలు కూడా తగ్గాయి. ఎవరూ చెప్పలేదు. తన తప్పే తనకు పంతులైంది.

పబ్లిక్ పరీక్షల మార్కుల కాగితం వచ్చిన రోజు తను దాన్ని నా చేతికిచ్చి, "నువ్వే కూడు తాతా" అంది. వాళ్ల నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తెలుగులో డెబ్బై నాలుగు. మొత్తం ఐదు వందల నాలుగు వచ్చింది. నమ్మకం చాలక కింది నుంచి పైకి మళ్లీ కూడి చూశాను.

"ఐదు నూర్లా నాలుగు" అన్నాను. "తెలుగులో ఇంకో ఇరవై ఆరు మింగినారు, దొంగనాయాళ్లు!"

"పోనీలే మామా, చాలినన్ని ఇచ్చినారు కదా" అన్నాడు వాళ్ల నాయన. తర్వాత కూతురి వైపు తిరిగి, "పొద్దున అనంతపురం బస్సు ఎన్ని గంటలకమ్మా?" అని అడిగాడు.