ఫ్లెక్సీ మీద ఇరవై ఏడు జతలు: ఫ్లోరెన్స్‌లో మా ఒక్క రోజు

మే 22, గురువారం. ఫ్లోరెన్స్‌లో మా మొదటి ఉదయం చీకటితో మొదలైంది. ఆరున్నరకు హోటల్ మూడో అంతస్తంతా కరెంటు పోయింది. మావాళ్లే ఎవరో ఒకే ప్లగ్గుకు రైస్ కుక్కరునూ ఇస్త్రీ పెట్టెనూ కలిపి పెట్టారని తర్వాత తెలిసింది. కరెంటు మనిషి వచ్చి వెళ్లేసరికి ఎనిమిది దాటింది. ఏడున్నరకు బయలుదేరాల్సిన వాళ్లం తొమ్మిదింటికి, పెరుగన్నం డబ్బాలతో సహా ట్రామ్ ఎక్కాం. టికెట్టు రెండు యూరోలలోపే. ఇరవై నిమిషాల్లో రైల్వే స్టేషన్ దగ్గర దిగితే పాత నగరమంతా కాలినడకన తిరగవచ్చు.

మాది విజయవాడలో ఒక డిజైన్ కాలేజీ. రెండో ఏడాది విద్యార్థులను ఇటలీ తీసుకెళ్తున్నామని నోటీసు పెట్టగానే పేరిచ్చిన వాళ్లలో నేనొకదాన్ని. అందరూ గోపురాల కోసం, బొమ్మల కోసం వచ్చారు. నేను ఒక మగ్గం కోసం వచ్చాను. ఈ ఊళ్లో నదికి అవతల చేతిమగ్గాల మీద ఇప్పటికీ పట్టు నేసే పాత నేతశాల ఒకటుందని చదివాను. మా నాన్న పెడనలో నేత పని చేస్తారు. ఈ ఏడాదితో మగ్గం తీసేసి బట్టల కొట్టులో గుమాస్తాగా చేరదామా అన్న ఆలోచనలో ఉన్నారు. బయలుదేరే రోజు తాను నేసిన జానెడు గుడ్డ ముక్క నా చేతిలో పెట్టారు.

"ఇది వాళ్లకి చూపించమ్మా. చేత్తో నేసింది ఇప్పుడు ఎవరు కొంటన్నారో అడుగు. పిల్లలెవరన్నా ఆ పని నేర్చుకుంటన్నారా, అదీ అడుగు. నువ్వొచ్చాక మన మగ్గం సంగతి చూద్దాం."

రెండు నెలలు మెయిళ్లు రాస్తే నాకు దొరికింది అరగంట. గురువారం మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. నాలుగింటికి మూసేస్తారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి రోమ్‌కు మా బస్సు. అంటే ఈ రోజు తప్పితే మరో రోజు లేదు.

మమ్మల్ని నడిపించేది మా లెక్చరర్ విమల మేడం. గుణదల ఆవిడ. ఆవిడకు రెండు పట్టుదలలు: గంటకోసారి అటెండెన్సు, ప్రతి కట్టడం ముందు కాలేజీ ఫ్లెక్సీతో గ్రూప్ ఫొటో. పెద్ద చర్చి లోపలికి వెళ్లడం ఉచితమే కానీ క్యూ గంటన్నర ఉందన్నారు. అందుకని బయటి నుంచే చూశాం. తెలుపు, ఆకుపచ్చ, లేత గులాబీ పాలరాతి పలకలతో ఆ గోడ నాకు మా వీధిలో ఆరేసిన గళ్ల దుప్పటిలా కనిపించింది. ఇంతకంటే మంచి మాట దొరుకుతుందేమోనని నోటుబుక్కులో అర పేజీ ఖాళీ వదిలాను. ఆలోచిద్దామంటే తీరిక ఏది? ఫ్లెక్సీ ఒక కొన పట్టుకునే డ్యూటీ నాదే. ఒకరు కళ్లు మూసుకున్నారని ఒకసారి, అక్షరాలు కనబడలేదని ఒకసారి, ఆ ఒక్క గోడ ముందే నాలుగు ఫొటోలు.

పన్నెండున్నరకు నది దగ్గరున్న మరో పాత చర్చికి చేరాం. టికెట్టు ఎనిమిది యూరోలు. మెట్ల దగ్గర మేడం ఆగారు.

"చెప్పులు ఇక్కడే విప్పండర్రా. గుణదల చర్చి కొండెక్కినా విప్పుతాం కదా."

"మేడం, వాళ్లందరూ బూట్లతోనే వెళ్తున్నారండీ," అంది నా రూమ్మేట్ హారిక.

"వాళ్లు టూరిస్టులే, వాళ్లకేం తెలుసు?" అన్నారు మేడం.

మేమూ టూరిస్టులమేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అందరికంటే ముందు విప్పింది నేనే. రాళ్లు దుమ్ముగా ఉన్నాయని హారిక ఫ్లెక్సీని తిరగేసి, తెల్లటి వైపు పైకి ఉండేలా పరిచింది. తిరిగొచ్చాక వెతుక్కోకూడదని నేను ఇరవై ఏడు జతలనూ చిన్న సైజు నుంచి పెద్ద సైజు దాకా వరుసగా పేర్చాను. చూడముచ్చటగా ఉందనుకున్నాను కూడా.

ఆ చర్చిలో దారి ఒకవైపే. ముందు గుమ్మంలో వెళ్తే వెనక వీధిలో తేలతాం. ఒంటిగంటన్నర ఎండలో, కాలిన రాళ్ల మీద మునివేళ్లతో గెంతుతూ చుట్టూ తిరిగి వచ్చాం. మా చెప్పుల దగ్గర ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. నేల మీద దుప్పటి పరిచి అనుమతి లేకుండా సరుకు అమ్మేవాళ్లు ఈ ఊళ్లో చాలామందట. మా చెప్పులూ అలాంటి సరుకే, తమను చూసి అమ్మేవాడు పారిపోయాడనుకుని, వాడెప్పుడొస్తాడా అని వీళ్లు కాపలా కాస్తున్నారు.

"ఇవి మా చెప్పులే సర్. ఇరవై ఆరుగురు పిల్లలు, నేను. ఇరవై ఏడు జతలు. సరిపోయింది కదండీ!" అన్నారు మేడం. కంగారులో ఇంగ్లీషు వాక్యం చివర కూడా అండీ వచ్చేసింది.

చిన్న పోలీసు వంగి ఒక శాండల్ ఎత్తి అడుగు చూపించాడు. హారిక ఈ ప్రయాణం కోసమే విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కొన్న జత. ధర స్టిక్కరు ఇంకా అలాగే ఉంది.

"స్టిక్కరు పీకలేదేంటే నువ్వు?" అన్నాను పళ్లు కొరుకుతూ.

"మరి నువ్వు సైజులవారీగా పేర్చావేంటే?" అంది హారిక.

పెద్ద పోలీసు ఆఫీసుకు ఫోన్ చేశాడు, అక్కడి నుంచి జవాబు రావడానికి గంట పట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరినే పిలిచి, తమ జత తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూపించమన్నాడు. నా వంతు వచ్చేసరికి రెండూ యాభై. అందరిదీ అయ్యేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. ఇరవై ఏడో జత మేడం తొడుక్కునేసరికి మూడూ పది. పోలీసులు నవ్వుతూ వెళ్లిపోయారు. నేను బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

"ఆగమ్మా," అన్నారు మేడం. "ఫ్లెక్సీ ఎలాగూ పరిచే ఉంది కదా, ఇక్కడో ఫొటో తీసేసుకుందాం."

ఏడవలేదు. కొన పట్టుకుని నిలబడ్డాను. ఫొటో, అటెండెన్సు, ఒంటరిగా వెళ్లకూడదు కాబట్టి హారిక తోడు, ఇవన్నీ అయ్యేసరికి మూడూ నలభై. వంతెన దాటి ఇరవై ఐదు నిమిషాల దారి. పరుగెత్తినా చేరేసరికి నాలుగూ రెండు. తెల్ల జుట్టు ఆవిడ ఒకరు తలుపుకు తాళం వేస్తున్నారు.

మూడింటికి రావలసింది నేనేనని చెప్పాను. ఆవిడ గడియారం చూపించి తల అడ్డంగా ఊపారు. ఏం చెప్పాలో తోచక గుడ్డ ముక్క తీసి ఇచ్చాను. ఆవిడ ముందు వైపు చూడనేలేదు. తిరగేసి, వెనక వైపు కంటికి దగ్గరగా పట్టుకుని, అంచును బొటనవేలితో మెల్లగా రాశారు.

"ఎవరు?" అన్నారు ఇంగ్లీషులో.

"మా నాన్న."

తాళం వైపు చూశారు, నా మొహం వైపు చూశారు. "రేపు. ఎనిమిదికి. పని మొదలు కాకముందు."

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. చెప్పుల సంగతికి నవ్వుతారనుకున్నాను. "తిరగేసి చూసిందా?" అని ఒక్కటే అడిగారు. చూసింది నాన్నా అన్నాను. "అయితే పని తెలిసిన మనిషే," అన్నారు.

ఈ రోజంతా మేడం మీద, ఫ్లెక్సీ మీద, రైస్ కుక్కర్ మీద విసుక్కుంటూనే గడిపాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం వరుసగా పేర్చిన ఆ ఇరవై ఏడు జతలే కళ్ల ముందుకొస్తున్నాయి. పేర్చిన చేతులు నావి. తిట్టాల్సిన జాబితాలో నా పేరూ రాసుకున్నాను. ఎనిమిదింటి సంగతి చెబితే మేడం కాదంటారనుకున్నాను. "బస్సు తొమ్మిదిన్నర దాకా ఆపిస్తాలే. నేనూ వస్తాను, ఒక్కదాన్నే పంపను," అన్నారు. ఫ్లెక్సీ మాట ఎత్తలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మీరు వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఇక్కడి చర్చిల్లో భుజాలు, మోకాళ్లు కప్పుకుంటే చాలు, చెప్పులు కాళ్లకే ఉంచుకోండి. ముఖ్యమైన చోటు ఏదైనా ఉంటే దాన్ని మధ్యాహ్నానికి వదలకుండా పొద్దున్నే చూసేయండి.

రేపు ఆరింటికి లేవాలి. కుక్కరును మేడం గదిలో పెట్టించాం. ఏడింటి ట్రామ్ పట్టుకుంటే ఏడూ ముప్పావుకల్లా ఆ తలుపు ముందు ఉంటాం. నాన్న అడగమన్నవి రెండు ప్రశ్నలు. తలుపు తీయగానే రెండోది, పిల్లలెవరన్నా ఆ పని నేర్చుకుంటున్నారా అన్నది, ముందు అడుగుతాను.